పెదవి చూసి వినే వీధి

నగరి పట్టణంలో ఆ వీధికి మునిసిపాలిటీవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది గాని, దానితో ఎవరికీ పని పడదు. మరమగ్గాల వీధి అంటే చాలు. పొద్దున కరెంటు రాగానే ఏదో ఒక ఇంట్లో మగ్గం కదులుతుంది. ఆ వెంటనే దాని పొరుగుది అందుకుంటుంది. అలా చప్పుడు గోడ నుంచి గోడకు పాకి, వీధి చివరిదాకా వెళ్లి, ఊరి పక్కనున్న ముక్కుకొండకు అభిముఖంగా ఒక పెద్దవాన నిలబడి కురుస్తున్నట్టు స్థిరపడిపోతుంది. పరాయి ఊరివాళ్లకు అది చప్పుడు. అక్కడ పుట్టినవాళ్లకు గాలి వంటిది. ఉన్నప్పుడు తెలియదు, లేనప్పుడే తెలుస్తుంది.

ఆ వానలో మాట వినపడదు కాబట్టి అక్కడివాళ్లు మాటను కంటితో వింటారు. మగ్గానికి ఇవతల తల్లి, అవతల కూతురు. ఎవరూ గొంతు వాడరు. పెదవులు కదిలితే సరిపోతుంది. కండెలో నూలు అయిపోయిందనీ, పడుగుపోగు తెగిందనీ, ఆకలవుతోందనీ చెప్పుకోవడమే కాదు. వదినా మరదళ్ల ఎకసెక్కాలు, అత్తల దెప్పిపొడుపులు, పెళ్లి సంబంధాల వాకబులు సైతం శబ్దమనేది లేకుండా షెడ్డు ఈ మూల నుంచి ఆ మూలకు చేరుతుంటాయి. కప్పులో బిగించిన గాజుపెంకు గుండా ఎండ నిలువుగా దిగుతుంది. ఆ వెలుగులో నూలుదుమ్ము పైకీ కిందికీ తేలుతూ ఉంటుంది. దాని వెనుక మనుషుల పెదవులు కదులుతుంటే, అదంతా ఏ ఏటి అడుగునో జరుగుతున్నట్టు తోస్తుంది.

అలా వినడంలో వరదమ్మను మించినవాళ్లు ఆ వీధిలో లేరు. పెళ్లిభోజనాల్లో అవతలి పంక్తిలో ఎవరేమి గొణుక్కున్నా ఆమెకు అందుతుందని, ఆమె చూపు తగిలే చోట కొంగు అడ్డం పెట్టుకొని మాట్లాడుకోవాలని ఆడవాళ్లు నవ్వుకునేవారు. ఆ నవ్వులు ఆమె కొడుకు యువరాజ్ పోయేదాకా సాగాయి.

యువరాజ్‌కు అప్పటికి మీసకట్టు సరిగా రాలేదు. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడె ఒకనాడు పట్టు తప్పి ఎగిరింది. దాని ఇనుపమొన అతని అరచేతిలో దిగింది. అటువంటి గాయాలు ఆ ఇళ్లలో లెక్కలోకి రావు. పసుపు అద్ది, పాతగుడ్డ చుట్టి, అతడు మళ్లీ మగ్గం ముందుకు వెళ్లాడు. గాయం మానింది కూడా. మానిన తరువాత ఒళ్లు బిగుసుకోవడం మొదలైంది. తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోతూ దారిలో ఒక డాక్టరు దగ్గర ఆగారు. ఆయన ఒక సూది వేశాడు. తిరుపతి చేరేసరికి పిల్లవాడి పళ్లు కరుచుకుపోయాయి, వీపు విల్లులా వంగింది. అది ధనుర్వాతమని, ఆలస్యమైపోయిందని అక్కడివాళ్లు చెప్పారు.

పరామర్శకు వచ్చినవారందరికీ వరదమ్మ ఒకటే వాక్యం చెప్పింది.

"సూది పడేదాకా బిడ్డ మాట్లాడతానే ఉండినాడు. సూది పడినాక నోరు మూతబడింది."

ఆ వాక్యం పెదవి నుంచి పెదవికి, మగ్గం నుంచి మగ్గానికి సద్దు లేకుండా పాకింది. అది చేరని ఇల్లు వీధిలో మిగల్లేదు. కన్నతల్లి మాటను కాదనడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ఆమె ఎవరికీ చెప్పనిది ఇంకొకటి ఉంది. ఆసుపత్రి మంచం మీద చివరిరోజున కొడుకు తనవైపే చూస్తూ ఏదో చెప్పబోయాడు. అతని పెదవులు చెవులదాకా లాగుకుపోయి, నవ్వులాంటిదేదో ముఖం మీద గడ్డకట్టి ఉంది. వీధిలో అందరి మాటా వినగలిగిన మనిషికి ఆ ఒక్క మాట అందలేదు. ఆనాటి నుంచి ఆమెకు ఒక కల వస్తూనే ఉంది. షెడ్డులో మగ్గాలన్నీ తిరుగుతుంటాయి గాని, ఒక్కదానికీ చప్పుడు ఉండదు. అన్నిటికన్నా అవతల, ఎండ దిగే వెలుగుస్తంభం వెనుక, కొడుకు నిలబడి పెదవులు కదుపుతుంటాడు. వినడానికి ఆమె దగ్గరకు నడుస్తుంది. నడిచిన కొద్దీ మధ్యలో పడుగు పరుచుకుంటూ వస్తుంది. తెల్లటి నూలుపోగులు ఒకదాని పక్కన ఒకటి చేరి, చివరకు అతని నోటి మీద బట్టగా నేసుకుంటాయి. అక్కడ మెలకువ వస్తుంది.

యువరాజ్ మగ్గం ముందు ఇప్పుడు అతని చెల్లెలు మోనిక నిలబడుతోంది. పదహారేళ్ల పిల్ల. తండ్రి సుబ్రమణ్యానికి పడుగునూలు చుట్టిన పావు తేవడం, చీరలు పుత్తూరు, తిరుత్తణి అంగళ్లకు వేయడం వంటి బయటి పనులతోనే సరిపోతుంది. కనుక షెడ్డులో తల్లీకూతుళ్లే ఎదురెదురుగా ఉంటారు. నాడె అటూ ఇటూ పరుగెత్తుతున్నంతసేపూ వరదమ్మ దృష్టి దాని మొన మీద సగం, కూతురి పెదవుల మీద సగం ఉంటుంది.

రెండువేల రెండవ సంవత్సరం వేసవి గడిచిన తరువాత, పాకాల నుంచి బదిలీ మీద చంద్రకాంతమ్మ అనే నర్సు నగరికి వచ్చింది. పదేళ్లకొకటి, పదహారేళ్లకొకటి ధనుర్వాతం సూది వేయాలని సర్కారు నియమం. బడులకు వెళ్లి ఆమె ఆ పని సులువుగానే ముగించింది. బడిలో పిల్లలు వరుసగా నిలబడతారు. మేష్టరు చేతిలో బెత్తం ఉంటుంది. మగ్గాల వీధి పిల్లలు మాత్రం ఏడో తరగతో ఎనిమిదో తరగతో కాగానే బడి మాని ఇంటి షెడ్డులో చేరేవారు. ఇనుము మధ్య బతికే ఆ పిల్లలకే ఆ సూది అందకుండా పోతోంది. యువరాజ్ సంగతి విన్నప్పటి నుంచి ఆమెకు ఆ వీధి మీద మనసు నిలిచిపోయింది. నేతగాళ్ల సంగం పెద్ద మునిరత్నాన్ని కలిసింది. ఆయన సరేనన్నాడు, సంగం వరండా ఇస్తానన్నాడు, నలుగురు పెద్దవాళ్లను కూడగట్టాడు.

వాళ్లు చేయని ప్రయత్నం లేదు. సూదులు వేసే బుధవారంనాడు ఆటోకు మైకు కట్టి వీధిలో తిప్పారు. చంద్రకాంతమ్మ గొంతు వీధి మొదట్లోనే ఆ వానలో మునిగిపోయింది. తప్పెట కొట్టించారు. ఎవరి మగ్గమో పట్టు తప్పిందనుకొని ఇద్దరు ముగ్గురు మెకానిక్కు కోసం బయటికి వచ్చి చూసి, మళ్లీ లోపలికి పోయారు. సినిమాహాల్లో స్లైడు వేయించారు. అది విరామంలో పడింది, ఆ సమయానికి జనమంతా బజ్జీల బండి దగ్గర ఉన్నారు.

చివరకు చంద్రకాంతమ్మ ఇల్లిల్లూ తిరిగింది. షెడ్డులో అడుగు పెట్టగానే నూలుదుమ్ము గొంతులోకి పోయి దగ్గు తెర వచ్చేది. అందుకని కొంగు మూతికి అడ్డం పెట్టుకొని, శక్తికొద్దీ గట్టిగా అరిచి చెప్పేది. ఇంటివాళ్లు పని ఆపకుండానే ఆమె ముఖం వైపు మర్యాదగా చూసేవారు. ఎంతో విన్నట్టే తలలు ఊపేవారు. బుధవారం వచ్చేసరికి సంగం వరండాలో ఆమె, ఆమె ఐసుపెట్టె, అరుగు మీద ఒక కుక్క తప్ప ఎవరూ ఉండేవారు కారు.

అటువంటి ఒక బుధవారం మునిరత్నం వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. అసలు సంగతి బయటపెట్టాడు.

"నర్సమ్మా, తప్పుగా అనుకోవద్దు. మా వీధిలో మూతికి కొంగు అడ్డం పెట్టుకుంటే చాడీ చెప్తా ఉండారని అర్థం. నువ్వు ఇంటింటికీ పోయి ఎవురి మీదనో చాడీలు చెప్పొచ్చినట్టయింది."

చంద్రకాంతమ్మ మొదట నవ్వింది. నవ్వు ఆగాక, ఇన్నాళ్లూ తాను అరిచిన అరుపులన్నీ గుర్తొచ్చి ముఖం వేడెక్కింది. తెలియజేయాలని తిరిగినంత కాలం తానే మాటను దాచిపెడుతూ వచ్చిందన్నమాట.

"మాట దాచేవాళ్లు ఇచ్చే సూదిలో ఇంకేం దాచినారో అంటా ఉండారు" అని కూడా ఆయన చెప్పాడు. "అదొక్కటే కాదులేమ్మా. అందురూ వరదమ్మ తలుపు పక్క సూస్తా ఉండారు. ఆ యమ్మ బిడ్డ వస్తే వీధి వస్తాది. లేకుంటే రాదు."

మగ్గాలు ఎప్పుడు ఆగుతాయని ఆమె అడిగింది. అమావాస్యనాడని ఆయన చెప్పాడు. నేతగాళ్లు ఆ రోజు మగ్గం ముట్టరు. కడిగి, తుడిచి, చందనం బొట్టు పెట్టి దానికి విశ్రాంతి ఇస్తారు. చంద్రకాంతమ్మ వెనుకాడింది. పాకాల పక్క అమావాస్యనాడు పెట్టెలోంచి కొత్తగుడ్డ కూడా తీయరు. పదహారేళ్ల పిల్లల ఒంట్లోకి సూది దించడానికి ఆ రోజు తప్ప ఇంకేదైనా చెప్పమంది. మునిరత్నానికి ఆమె భయమే వింతగా తోచింది.

"అది మీ పక్క ఖాళీ దినమేమో. అరవసీమ ఆనుకోని ఉండాము, మాకు అమావాస్య నిండు దినం" అన్నాడు.

*

పోయినవాళ్లను తలుచుకునే ఆడి అమావాస్యనాటి పొద్దు ఆ వీధిలో వేరే లోకం నుంచి వచ్చినట్టు వచ్చింది. కరెంటు ఉంది, మగ్గాలు లేవు. ఆ వాన ఉన్నట్టుండి వెలిసిపోయేసరికి, దాని అడుగున ఇన్నాళ్లూ పడి ఉన్న చిన్నచిన్న సద్దులన్నీ ఒక్కొక్కటే పైకి తేలాయి. కొళాయి కింద బిందె నిండే సద్దు, ముగ్గు గిన్నె అరుగుకు తగిలిన సద్దు, ఎవరింట్లోనో పసిబిడ్డ ఎక్కిళ్లు. రంగులు కలిపే వాళ్లకు కూడా పని లేనందువల్ల మురికికాలువలో నీళ్లు ఎరుపూ ఆకుపచ్చా కాకుండా మామూలు నీళ్ల రంగులోనే పారుతున్నాయి. జనం గొంతు విప్పి మాట్లాడటానికి మొహమాటపడుతున్నట్టు తగ్గుస్థాయిలో మాట్లాడుకుంటున్నారు.

వరదమ్మ తలంటుకొని, షెడ్డు వాకిట్లో కొడుకు పేరిట ఆకు వేసింది. రాగిసంగటి, చింతచిగురు పప్పు, అతనికి ఇష్టమైన మురుకులు. పిట్టగోడ మీద కాకి కోసం ముద్ద పెట్టి వచ్చి కూర్చుంది. మోనిక అన్న మగ్గాన్ని తుడుస్తోంది. నాడెను బయటికి తీసి, మొన మీద నూనె రాసి, ఒళ్లో పెట్టుకుంది.

ఆ సమయంలో మునిరత్నం వెంట చంద్రకాంతమ్మ వచ్చింది. కొంగు నడుముకు దోపుకొని ఉంది. వరదమ్మ చాప వేసింది గాని కళ్లు ఎత్తలేదు. సుబ్రమణ్యం కాఫీ తెస్తానని లోపలికి వెళ్లాడు.

చంద్రకాంతమ్మ సూది మాట ఎత్తలేదు. వరదమ్మకు తన ముఖం కనబడేలా జరిగి కూర్చొని, బిడ్డ గురించి చెప్పమంది. వరదమ్మ ఆ ఒక్క వాక్యమే చెప్పింది. సూది పడేదాకా మాట్లాడతానే ఉండినాడు. చాలాసార్లు తిరగలిలో తిరిగిన గింజలా ఆ వాక్యం నలిగి నున్నబడిపోయింది.

"కడాపటికి ఏం మాట్లాడినాడక్కా?" అని చంద్రకాంతమ్మ అడిగింది.

ఆ ప్రశ్న ఇన్నాళ్లూ ఎవరూ అడిగింది కాదు. వరదమ్మ జవాబు కోసం నోరు తెరిచింది. సూదికి ముందు కొడుకు అన్న మాట కోసం ఆమె వెనక్కి, ఇంకా వెనక్కి నడిచింది. దారి పొడుగునా తెల్లటి పడుగే కనబడింది తప్ప మాట కనబడలేదు.

అప్పుడు మోనిక తలెత్తి తల్లి వైపు చూసింది. పరాయి మనిషి ఎదుట పైకి చెప్పలేనిదాన్ని, మగ్గాలు తిరుగుతున్నప్పటిలాగే, గొంతు లేకుండా పెదవులతో చెప్పసాగింది. షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో ఒక పిల్ల పెదవులు కదులుతున్నాయి, ఒక తల్లి కళ్లు వాటి మీద నిలిచాయి. చంద్రకాంతమ్మకు ఏమీ అందలేదు. మునిరత్నానికి ప్రతి మాటా అందుతుంది. అందుకే ఆయన, ఇతరుల ఇంటి మాట వినకూడదన్నట్టు, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

తిరుపతికి బయలుదేరడానికి ముందురోజు అన్న ఆ మగ్గం ముందే నిలబడి తనతో ఏదో చెప్పాడని మోనిక చెప్పింది. తనకు తెలియలేదు. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాడు. పెదవులు కదిలాయి గాని వాటి వెనుక పళ్లు విడలేదు. తనను ఆటపట్టిస్తున్నాడనుకొని, నోట్లో వక్కాకు దాచినావా అని ఎగతాళి చేసింది. అన్న నవ్వాడు. ఆ నవ్వు పొద్దుగూకేదాకా అతని ముఖం మీద నుంచి పోలేదు.

"సూదికి ముందేమ్మా" అన్నాయి ఆ పెదవులు. "అన్న మాట నాకు తెలీకుండా పోయింది సూదికి ముందే."

వరదమ్మ చూపుడువేలు తనంతట తానే పైకి లేచింది. ఆ వేలి వైపే చూస్తూ ఆమె గొంతు విప్పింది.

"సంగటి మింగలేదు ఆ పొద్దు. గంజి అడిగినాడు. పంటినొప్పేమో అనుకోని లవంగం పెట్టబోతిని. నా వేలు పోలే. పండ్ల మధ్యన నా వేలు పోలే." ఎవరితోనూ కాక ఆ వేలితోనే అన్నట్టు అంది: "సూది వచ్చేతలికే తలుపు వేసేసి ఉండాది."

ఆ మాటతో తల్లి గుండె మీద నుంచి ఒక బరువు దిగిందో, దాని చోట ఇంకొకటి ఎక్కిందో చంద్రకాంతమ్మకు తెలియలేదు. గాజుపెంకు కింద వెలుగుస్తంభం ఖాళీగా ఉంది. మగ్గాలు ఆగినందువల్ల దుమ్ము లేవడం లేదు. అందువల్ల అది స్తంభంలా కాక, కొత్తగా కడిగిన అద్దంలా అవతలి గోడ వరకూ స్పష్టంగా కనబడుతోంది. పిట్టగోడ మీది ముద్దను కాకి ఎప్పుడు తీసుకుపోయిందో ఎవరూ చూడలేదు.

కాఫీ చల్లారిపోయింది. వరదమ్మ లేచి, కూతురి ఒళ్లోంచి నాడెను తీసి గూటిలో పెట్టింది. ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది.

"పా మే, సంగం కాడికి" అంది.

*

సంగం వరండాకు వాళ్లు నడిచి వెళ్తుంటే వీధి అంతా అరుగుల మీద కూర్చొని చూసింది. వెనుక ఒక్కొక్క అరుగూ ఖాళీ కాసాగింది.

చంద్రకాంతమ్మ ఐసుపెట్టె తెరిచి, మందు సూదిలోకి తీసింది. మోనిక కుర్చీలో కూర్చొని కళ్లు గట్టిగా మూసుకుంది. వరదమ్మ ఆ పిల్లకు ఎదురుగా నేల మీద గొంతుకూర్చొని, రెండు చేతులతో గడ్డం పట్టుకుంది.

"మాట్లాడు" అంది.

"ఏం మాట్లాడేదిమా?"

"ఏందో ఒకటి. నిలపొద్దు. నేను చూస్తా ఉంటా."

మోనిక మాట్లాడటం మొదలుపెట్టింది. ఆకుపచ్చ చీరకు కట్టిన అంచు తనకు నచ్చలేదని చెప్పింది. నిన్నటి చారులో ఉప్పు లేదని, నాయన నోరెత్తలేక తాగేశాడని చెప్పింది. అరుగుల నుంచి చేరిన జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. మొన్న తిరుత్తణిలో చూసిన వెండి పట్టీల గురించి, అవి కొనిపెట్టకపోతే తాను పెళ్లే చేసుకోబోనని చెప్పింది.

"పట్టీలు లేకుంటే పెండ్లికొడుకులకు వచ్చే నష్టమేముండాది మే?" అని ఒక ముసలామె అడిగింది.

"నాకు నష్టం అవ్వా" అని మోనిక అటు తిరగబోతుంటే తల్లి గడ్డం పట్టి తనవైపే ఉంచింది. ఆ మాటల మధ్యలోనే సూది దిగింది, వచ్చింది. మోనిక మొహం ఒకసారి ముడుచుకుంది గాని, పట్టీల మాట తెగలేదు. అయిపోయిందని చంద్రకాంతమ్మ చెప్పింది. వరదమ్మ వినలేదు. ఆమె కూతురి పెదవులనే చూస్తోంది. అవి తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, మళ్లీ తెరుచుకుంటున్నాయి. వాటి వెనుక పళ్లు విడుతున్నాయి. నాలుక కదులుతోంది. ఏ మాటంటున్నదో ఆ క్షణంలో ఆమెకు పట్టలేదు. మాట పుట్టే చోటును మాత్రమే ఆమె చూస్తోంది.

వీధి కూడా చూసింది. చూడటమే వినడమైన వీధి అది.

ముందుగా వచ్చిన తల్లి ఎవరో గాని, ఆమె కూడా కొడుకు గడ్డం పట్టుకొని ఎదురుగా గొంతుకూర్చుంది. ఆ తరువాత వచ్చినామె కూడా అంతే. అదేదో ఈ సూదికి ఆనవాయితీ అయినట్టు, అలా పట్టుకోకపోతే మందు పని చేయదన్నట్టు, ప్రతి తల్లీ బిడ్డ గడ్డం పట్టుకొని మాట్లాడమంది. మీసాలు మొలుస్తున్న మగపిల్లలు సిగ్గుతో కందిపోయి క్రికెట్టు స్కోర్లు చెప్పారు. ఒక పిల్లవాడికి ఏ మాటా తోచక ఎక్కాలు అప్పజెప్పాడు. ఇంకొకడు రంగులు అద్దేవాళ్ల ఇంటి పిల్ల వరుసలో ఉందని చూసుకొని సినిమాపాట అందుకుంటే, తల్లి గడ్డం వదిలి నెత్తిన ఒకటి మొట్టింది. పొద్దెక్కే కొద్దీ వరండా మాటలతో నిండిపోయింది. ఏడుపుల మధ్య సూదులు వేసి వేసి అలవాటైన చంద్రకాంతమ్మకు ఇన్ని కబుర్ల మధ్య చెయ్యి ఆడటం కొత్తగా ఉంది. మగ్గాలు ఆగిన వీధిలో మనుషుల గొంతులే మగ్గాల్లా తిరుగుతున్నాయని, ఏదో మెత్తటి బట్ట కంటికి కనబడకుండా నేయబడుతోందని ఆమెకు నిద్రలోలాగా అనిపించింది. తాను అమావాస్యనాడు పని మొదలుపెట్టానన్న సంగతి ఆ తరువాత ఎప్పుడో గాని గుర్తు రాలేదు.

వరదమ్మ ఆ రోజంతా కూతురిని మాట్లాడిస్తూనే ఉంది. సాయంత్రానికి మోనికకు మాటలైపోయాయి. ఇంక నావల్ల కాదని, ఏడో తరగతిలో నేర్చుకున్న పద్యాలు కూడా అయిపోయాయని తండ్రితో మొరపెట్టుకుంది. సుబ్రమణ్యం చాలాకాలం తరువాత ఆ ఇంట్లో పైకి నవ్వాడు.

మరునాడు కరెంటు రాగానే ఏదో ఇంట్లో మగ్గం కదిలింది. దాని పొరుగుది అందుకుంది. వాన మళ్లీ వీధినంతా కప్పేసింది. కొళాయి సద్దూ పసిబిడ్డ ఎక్కిళ్లూ దాని అడుక్కి దిగిపోయాయి. నూలుదుమ్ము లేచి, వెలుగుస్తంభాన్ని మళ్లీ కట్టింది.

దానికి ఇవతల వరదమ్మ నిలబడి ఉంది. అవతల, యువరాజ్ మగ్గం ముందు, తెల్లటి పడుగు వెనుక మోనిక కనబడుతోంది. మొదట్లో వరదమ్మకు తాను ఏ లోకంలో ఉన్నదో తెలియలేదు. మగ్గమూ అదే, వెలుగూ అదే, అవతల నిలబడి ఏదో చెప్పబోతున్న ముఖమూ ఆ పోలికే. నూలు ఆ నోటి మీద అల్లుకుంటుందేమోనని చూస్తూ నిలబడిపోయింది. నూలు ఎక్కడి పోగు అక్కడే ఉంది. పెదవులు విచ్చుకున్నాయి.

"చెయ్యి నొప్పిగా ఉండాదిమా" అంది మోనిక, గొంతు లేకుండా.

వరదమ్మకు ప్రతి అక్షరమూ అందింది. అయినా ఆమె చెయ్యి చెవి దగ్గర పెట్టి, అందనట్టు తల అడ్డంగా ఊపింది.

"మళ్లా చెప్పు" అన్నాయి ఆమె పెదవులు.

మోనిక విసుక్కుంటూ మళ్లీ చెప్పింది.